కారే చెవికి సిప్రోఫ్లాక్ససిన్ చుక్కలు: ఎక్కడ మేలు, ఎక్కడ వృథా

మందుల దుకాణాల్లో కంటికీ చెవికీ కలిపి ఒకే సీసాగా దొరికే, సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ 0.3 శాతం ఉన్న చుక్కల మందు గురించి ఈ సమీక్ష. మా అమ్మగారికి ఏళ్ల తరబడి చెవి కారుతూ ఉండేది. ఈఎన్‌టీ వైద్యురాలు ఈ మందు రాసిచ్చినప్పటి నుంచి దీని పనితీరును దగ్గరగా చూస్తున్నాను. కర్ణభేరికి రంధ్రం పడి చీము కారుతున్న చెవికి ఇది మంచి మందు. కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉండి, దాని వెనక చీము పట్టి నొప్పి పెడుతున్న చెవికి మాత్రం దీనివల్ల ప్రయోజనం లేదు.

ఈ తేడా తెలియకే చాలా ఇళ్లలో డబ్బు వృథా అవుతోంది. జలుబు చేసిన పసిబిడ్డ అర్ధరాత్రి చెవి పట్టుకుని ఏడిస్తే, మరునాడు దుకాణానికి వెళ్లి చుక్కల సీసా తెచ్చుకోవడం మనకు అలవాటు. అప్పుడు బాధ కర్ణభేరికి లోపలి వైపున ఉంటుంది, వేసిన చుక్కలు బయటి గొట్టంలోనే నిలిచిపోతాయి. ఆ బిడ్డకు ముందుగా కావలసింది బరువును బట్టి ఇచ్చే పారాసిటమాల్. చాలామంది పిల్లల్లో నొప్పి రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. యాంటీబయాటిక్ అవసరమని వైద్యులు భావిస్తే, అమాక్సిసిలిన్ వంటిది నోటి ద్వారా ఇస్తారు. సిప్రోఫ్లాక్ససిన్ చుక్కలు కూడా వైద్యుల చీటీ మీదే అమ్మవలసిన మందు. చీటీ సంగతి అటుంచి, చెవి కారుతోందా అన్న ఒక్క మాటైనా అడగకుండా సీసా చేతిలో పెట్టే దుకాణదారులను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

రంధ్రం ఉన్న చెవి సంగతి వేరు, చుక్కలు ఆ రంధ్రం గుండా నేరుగా కర్ణభేరి వెనకనున్న మధ్యచెవికి చేరతాయి. ఈ మందు ఒక మిల్లీలీటరులో 3 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్ససిన్ ఉంటుంది. మాత్ర మింగితే రక్తం ద్వారా మధ్యచెవికి చేరే మోతాదు దీనితో పోలిస్తే చాలా స్వల్పం. పాత చీముచెవిలో తరచుగా కనిపించే సూడోమోనాస్ అనే మొండి సూక్ష్మజీవి మీద కూడా ఇది పనిచేస్తుంది. కర్ణభేరి గుండా చిన్న గొట్టాలు అమర్చిన పిల్లలపై నెదర్లాండ్స్‌లో జరిగి 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన వేరొక చుక్కల మందు వాడినవారిలో రెండు వారాల తర్వాత 5 శాతం మందికే చెవి కారుతుండగా, నోటి మందు తీసుకున్నవారిలో అది 44 శాతం, ఏ మందూ వాడనివారిలో 55 శాతం. మందు సిప్రోఫ్లాక్ససిన్ కాకపోయినా, దారి తెరిచి ఉన్న చెవికి నోటి మందుకన్నా చుక్కలే మేలని ఇది చూపుతోంది.

భద్రత విషయంలో ఈ మందుకున్న ఆధిక్యం ఇంకా ముఖ్యమైనది. జెంటామైసిన్, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు కలిసిన చుక్కలు రంధ్రం గుండా లోపలికి చేరితే, లోచెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతిని వినికిడి తగ్గే లేదా శరీరపు నిలకడ తప్పే ప్రమాదం ఉంది. ఆ కణాలు మళ్లీ పుట్టవు. సిప్రోఫ్లాక్ససిన్, దాని దగ్గరి బంధువైన ఓఫ్లాక్ససిన్‌లకు అటువంటి హాని చేసే గుణం కనిపించలేదు. అమెరికాలో 1997లో ఓఫ్లాక్ససిన్ చెవి చుక్కలకు రంధ్రమున్న చెవికి కూడా అనుమతి లభించింది. బూజు పట్టిన చెవికంటూ అమ్మే, క్లోట్రిమజోల్, లిగ్నోకైన్ కలిసిన చుక్కలను రంధ్రమున్న చెవిలో సొంతంగా వేసుకోకూడదు. చెవికి మాత్రమేనని రాసి ఉన్న సీసాను కంట్లో అసలే వేయకూడదు.

వాడే పద్ధతి సరిగా లేకపోతే ఎంత మంచి మందైనా చీము మీద తేలి బయటికి వచ్చేస్తుంది. ముందుగా మెత్తటి కాగితాన్ని వత్తిలా చుట్టి చెవి మొదట్లో ఉంచి, చీమును పీల్చనివ్వాలి. ఇయర్‌బడ్‌తో లోపల తిప్పకూడదు. సీసాను ఒకటి రెండు నిమిషాలు అరచేతుల మధ్య ఉంచి వెచ్చబరచాలి, చల్లటి చుక్కలు పడితే కళ్లు తిరుగుతాయి. పక్కకు ఒరిగి పడుకుని, వైద్యులు చెప్పినన్ని చుక్కలు వేశాక, చెవి రంధ్రానికి ముందుండే చిన్న గుబ్బను నాలుగైదుసార్లు మెల్లగా నొక్కి, ఐదు నిమిషాలు అలాగే ఉండాలి. గొంతులో చేదు తగిలితే భయపడనక్కరలేదు, మందు మధ్యచెవి దాటి గొంతు దాకా చేరిందన్నమాట. తలస్నానం చేసేటప్పుడు వాజలీన్ రాసిన దూదిని చెవిలో పెట్టుకోవాలి. సీసా కొన చెవికి తాకకూడదు. మూత తీసిన నెలలోపు మిగిలిన మందును పారేయాలి.

లోపాలూ లేకపోలేదు. వారాల తరబడి వాడితే చెవిలో బూజు పెరగవచ్చు. చీము ఆగినా రంధ్రం ఈ మందుతో పూడదు, దానికి శస్త్రచికిత్స అవసరం కావచ్చు. రెండు వారాలు వాడినా చెవి ఆరకపోయినా, దుర్వాసన వస్తున్నా, చెవి వెనక వాపు, ముఖం ఒకవైపు వంకరపోవడం, తల తిరగడం, తీవ్రమైన తలనొప్పి వంటివి కనిపించినా మరో సీసా కొనకుండా ఆలస్యం చేయక ఈఎన్‌టీ వైద్యుల దగ్గరికి వెళ్లాలి. అది చెవి లోపల చర్మం పేరుకుని ఎముకను తినేసే కొలెస్టియటోమా అనే జబ్బు కావచ్చు, దాన్ని ఏ చుక్కల మందూ తగ్గించలేదు.