విక్టోరియా జలపాతం: ఏ నెలలో ఏ ఒడ్డు?

జాంబెజీ నది జింబాబ్వే, జాంబియాల సరిహద్దులో సుమారు 1,700 మీటర్ల వెడల్పున, 108 మీటర్ల లోతుకు దూకుతుంది. దూకేది ఒక ఇరుకు లోయలోకి. మనం నిలబడేది ఆ లోయకు ఎదుటి గట్టు మీద. అందుకే నీళ్లు మరీ ఎక్కువైతే జలపాతం కాదు, దాని తుంపరే కనిపిస్తుంది.

అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా. ఎగువన బరోట్సే మైదానాల్లో నీళ్లు నిలిచి మెల్లగా దిగుతాయి కాబట్టి వరద ముదిరేది ఏప్రిల్ ప్రాంతంలో. ఆ రోజుల్లో గొడుగు దండగ, తుంపర లోయలోంచి పైకి ఎగదన్ని మళ్లీ వానలా కురుస్తుంది. రెయిన్‌కోటు, ఫోనుకు నీళ్లు దూరని సంచి, జారని చెప్పులు ఉండాలి. జింబాబ్వే వైపు డేంజర్ పాయింట్ అనే చూపుచోటు దగ్గర రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి, అంచుకు పోవద్దు. నీళ్లూ, రాతిగోడా రెండూ చూడాలంటే జూన్, జూలైలే మేలు.

ఒక్క రోజే ఉంటే జింబాబ్వే వైపే వెళ్లండి. జలపాతంలో ముప్పాతిక భాగం అటునుంచే ఎదురుగా కనిపిస్తుంది, అటున్న డెవిల్స్ కాటరాక్ట్ అనే పాయ ఏడాది పొడవునా పారుతుంది. అక్టోబరు, నవంబరుల్లో జాంబియా వైపు తూర్పు పాయ ఎండి నల్లరాయి మిగులుతుంది. జలపాతం అంచునే ఉన్న డెవిల్స్ పూల్ అనే మడుగులో దిగాలంటే మాత్రం నది తగ్గిన రోజుల్లోనే, అదీ జాంబియా వైపు నుంచే, గైడు వెంట ఉంటేనే. వరద రోజుల్లో జాంబియా వైపున్న నైఫ్ ఎడ్జ్ అనే కాలిబాట వంతెన మీద నడిస్తే నిలువునా తడుస్తారు, అయినా నడవాల్సిందే.

బస సంగతికొస్తే, జింబాబ్వేలోని విక్టోరియా ఫాల్స్ ఊరి నుంచి పార్కు గేటుకు నడిచిపోవచ్చు. చీకటి పడ్డాక మాత్రం టాక్సీయే, రోడ్డు మీదికి ఏనుగులొస్తాయి. జాంబియాలోని లివింగ్‌స్టన్ ఊరు జలపాతానికి దాదాపు 10 కిలోమీటర్లు, రానూపోనూ బండి ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

రెండు వైపులా చూడాలనుకుంటే వీసా ముందే తేల్చుకోండి. సింగిల్ ఎంట్రీతో 1905 నాటి వంతెన దాటి అటు వెళితే తిరిగి రావడానికి మళ్లీ వీసా కట్టాలి. రెండు దేశాలకూ చెల్లే కాజా యూనివీసా ఉంది, మీ పాస్‌పోర్టుకు ఇస్తారో లేదో టికెట్లు కొనకముందే కనుక్కోండి. కెన్యా కూడా కలుపుకుంటే ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. మలేరియా మాత్రల గురించి డాక్టరును అడగండి.

జింబాబ్వేలో అమెరికా డాలర్లు నడుస్తాయి, చిల్లర దొరకదు. 1, 5 డాలర్ల నోట్లు చిరుగుల్లేనివి పట్టుకెళ్లండి. శాకాహారులు సద్జా అడగండి, జాంబియాలో దాన్నే న్షిమా అంటారు. తెల్ల మొక్కజొన్న పిండితో చేసే గట్టి ముద్ద, మన సంకటిలాగే చేత్తో తుంచి ఆకుకూరతో తింటారు. పార్కులో మాత్రం తిండి పొట్లం చేత పట్టుకోవద్దు, బబూన్లు లాక్కుపోతాయి.