టూకాన్ చూపించమంటే తేలినీలాపురం తీసుకెళ్లాను

మా పాప డ్రాయింగ్ పుస్తకం నిండా టూకాన్లే. నల్లటి ఒళ్లు, పసుపు గొంతు, ఆకుపచ్చ ముక్కు మీద నారింజ చార, కొసన ఎరుపు. ఈ రకం టూకాన్ దక్షిణ మెక్సికో నుంచి కొలంబియా దాకా వానల అడవుల్లో బతికే పక్షి, బెలిజ్ దేశానికి జాతీయ పక్షి. "అమ్మా, దీన్ని చూద్దాం" అంటే ఎక్కడికని తీసుకెళ్లను? కొంగలూ పెలికాన్లూ గూళ్లు కట్టుకునే తేలినీలాపురం చూపిద్దామని, శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరున్న ఆ ఊరికి బయల్దేరి, సంక్రాంతి సెలవుల్లో విజయనగరంలో రైలెక్కి నౌపడలో దిగాం.

బస టెక్కలిలో. లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ ఫోన్లో ఒప్పుకున్న వేడినీళ్లు రెండు రోజులూ రాలేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే గట్టిగా అడగండి. అయినా శ్రీకాకుళంలో దిగి గంటకు పైగా ప్రయాణం చేయడం కన్నా ఇదే నయం. ఆటో మాట్లాడేటప్పుడు వెయిటింగ్‌తో కలిపి బేరం చేసుకోండి. టిఫిన్ టెక్కలిలోనే కానిచ్చి, మంచినీళ్లు వెంట పట్టుకెళ్లండి.

పొద్దున్నే వెళ్లమని అందరూ చెప్పారు. మాకు ఆలస్యమై పదకొండు దాటింది. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు, కింద చేపల వాసన. ఒక గూట్లో ఎర్రకాళ్ల కొంగ రెండు రెక్కలూ విప్పి, ఎండకు వీపు పెట్టి నిలబడింది. కదలదే! వాచ్ టవర్ మీద నుంచి చూస్తే అర్థమైంది, రెక్కల కింద నీడలో మూడు తెల్లటి పిల్లలు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. టూకాన్ అయితే ఒంట్లో వేడిని ఆ పెద్ద ముక్కులోంచే వదిలించుకుంటుందని పాపకు చెప్పాను. వేడెక్కినప్పుడు ముక్కులోకి రక్తం ఎక్కువగా పారుతుంది, చలేస్తే తగ్గుతుంది. 2009లో టోకో టూకాన్ అనే ఇంకో రకం మీద శాస్త్రవేత్తలు ఈ సంగతి తేల్చారు. "మరి దీనికి రెక్కలే గొడుగా?" అంది. మర్నాడు తెల్లవారుజామున కూడా వెళ్లాం, పెలికాన్లు బాగా కనిపించాయి. కానీ నన్నడిగితే ఎండ వేళే ఎక్కువ చూశాం.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు. నిజానికి ఈ కొంగలూ, పెలికాన్లూ మన దక్షిణాసియా పక్షులే, గూళ్లు కట్టుకోవడానికి ఇక్కడికి చేరతాయి. అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటున్న ఒక మామ్మగారు మాత్రం, "పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలమ్మా ఇవి, గట్టిగా అరవకండి" అన్నారు. మా పాప అప్పటి నుంచి గుసగుసగానే మాట్లాడింది.

బయల్దేరుతుంటే ఆవిడే పిలిచి, "పిల్లలు ఎగరడం నేర్చుకునేసరికి మళ్లీ తీసుకురా, మార్చి దాటితే ఒక్కటీ ఉండదు" అన్నారు. ఫిబ్రవరి చివరి శనివారానికి టికెట్లు తీసేశాను.