స్టెంట్ ఫ్రీగా వేశారు, మరి నెల నెలా టాబ్లెట్ల సంగతి? ఆరోగ్యశ్రీ వాడాక నా రివ్యూ

మా నాన్నకి 2021లో హార్ట్ ఎటాక్ వచ్చింది, ఆరోగ్యశ్రీ మీదే స్టెంట్ వేయించాం, అప్పట్నుంచీ ఆయన మందులు తేవడం, బిల్లులు చూసుకోవడం నా పనే, అందుకే రాస్తున్నా. స్కీమ్ పేరు ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని మారింది గానీ మా విశాఖ గోపాలపట్నంలో ఎవరైనా ఆరోగ్యశ్రీ అనే అంటారు, నేనూ అలాగే అంటాను.

ఆపరేషన్ వరకు అయితే వంక పెట్టడానికి లేదు. కార్డు చూపించాం, ఆరోగ్యమిత్ర (హాస్పిటల్లో స్కీమ్ పని చూసేవాళ్ళు) డెస్క్ దగ్గర వేలిముద్ర వేయించారు, అప్రూవల్ వచ్చింది, స్టెంట్ వేశారు, మా చేతి నుంచి రూపాయి పోలేదు. నాన్న ఆటో నడిపేవారు, అప్పుడు లక్షన్నరో రెండు లక్షలో తెమ్మంటే అమ్మ మెళ్ళో ఉన్నది కూడా తీసేవాళ్ళం. ఈ ముక్కకి అయిదుకి అయిదు మార్కులు, అందులో రెండో మాట లేదు.

డిశ్చార్జ్ అయ్యాక కూడా వదిలేయరు, స్టెంట్, బైపాస్ లాంటి వాటికి ఏడాది పాటు ఫాలోఅప్ ఉంటుంది, చెప్పిన తేదీకి వెళ్తే డాక్టర్ చూడటం, టెస్టులు, మందులు అన్నీ అందులోవే. ఇది చాలామందికి తెలీదు, మా వీధిలోనే ఒకాయన బైపాస్ చేయించుకుని ఆర్నెల్లు బయట కొనుక్కున్నాడు పాపం. మేం వెళ్ళిన ప్రైవేట్ హాస్పిటల్లో మాత్రం (పేరు వద్దులెండి) ఒక్కోసారి రెండు మూడు రకాలు ఇచ్చి, మిగతావి స్టాక్ లేవు బయట తీసుకోండి అనేవాళ్ళు. ఇలా అంటే ఊరుకోకండి, ముందు ఆరోగ్యమిత్రని అడగండి, పని కాకపోతే 104కి ఫోన్ చేయండి. ఫాలోఅప్‌కి మూడున్నర.

అసలు కథ ఏడాది అయ్యాకే. ఫాలోఅప్ అయిపోయింది, మందులు మాత్రం అయిపోవు కదా, గుండె మందులంటే కొన్ని జీవితాంతం. నాన్న వాడేవి ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, రోసువాస్టాటిన్ 20, మెటోప్రోలాల్ 25, రామిప్రిల్ 2.5, గ్యాస్‌కి పాంటోప్రజోల్ 40. ఎన్ఏడీ దగ్గర మెడికల్ షాపులో చీటీలో ఉన్న బ్రాండ్లే తీసుకుంటే నెలకి పదిహేను వందలు అటూ ఇటూ. విచిత్రం ఏంటంటే స్టెంట్ మూసుకుపోకుండా కాపాడే ఆస్పిరిన్ నెల మొత్తానికి టీ డబ్బులంత కూడా కాదు, గ్యాస్ టాబ్లెట్‌కి మాత్రం మూడొందలు పైనే. కొలెస్ట్రాల్ టాబ్లెట్ అన్నిటికన్నా మోత. పదిహేను వందలు పెద్ద లెక్కా అనుకునేవాళ్ళు ఉంటారు, ఆటో కూడా ఆగిపోయిన ఇంట్లో అది బియ్యం, గ్యాస్ బండ కలిపిన లెక్క, అందుకే చాలామంది రోజు విడిచి రోజు వేసుకుంటారు, కొందరు ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేస్తారు. ఏడాది అయ్యాక రక్తం పలచన చేసే రెండిట్లో (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్) ఒకటి ఆపొచ్చేమో డాక్టర్‌ని అడగండి, అది అడిగి తీరాల్సిన మాటే, అంతేగానీ డబ్బులు మిగులుతాయని మనంతట మనం ఆపేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఏడాది తర్వాత ఓపీ మందులకి స్కీమ్ ఇచ్చేది సున్నా, నా మార్కులూ సున్నానే.

మమ్మల్ని ఒడ్డున పడేసింది జన ఔషధి షాపు, అంటే కేంద్ర ప్రభుత్వ పథకం కింద జనరిక్ మందులు చవకగా అమ్మే షాపు. డాక్టర్‌ని బ్రాండ్ పేరు కాకుండా మందు పేరు రాయమని అడిగాం, ఆయన ఏమీ అనుకోకుండా రాసిచ్చారు, బిల్లు నాలుగొందల చిల్లరకి దిగింది. ముందు నాన్న ఒప్పుకోలేదు, "ఇంత చవకగా ఇస్తున్నారంటే అందులో సరుకు ఉంటుందంటావేట్రా?" అని, స్ట్రిప్ వెనక్కి తిప్పి తిప్పి చూసేవారు. మూడు నెలలకి కొలెస్ట్రాల్ టెస్ట్ చేయిస్తే ఎల్డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరగలేదు, అప్పుడు నోరు మూశారు. అక్కడ ఇబ్బంది స్టాక్. ఒకసారి మెటోప్రోలాల్ అడిగితే కౌంటర్‌లో అబ్బాయి ఒక స్ట్రిప్ తీసి, నా పాత స్ట్రిప్ పక్కన పెట్టి చూసి, "ఇది టార్ట్రేట్ అన్నా, మీది సక్సినేట్, వచ్చే వారం వస్తుంది, ఇది పట్టుకెళ్ళకండి" అన్నాడు. సక్సినేట్ ఈఆర్ అని ఉండేది మెల్లగా కరిగేది, రోజుకి ఒకటి చాలు, టార్ట్రేట్ అయితే మామూలుగా రెండు పూటలా వేయాలి, మిల్లీగ్రాములు ఒకటే కదా అని మార్చేయకూడదు. మెటోప్రోలాల్ అన్న మాట ఒక్కటే చూసి తెచ్చుకోకండి, దాని వెనకున్న రెండో మాట కూడా చదవండి. అప్పట్నుంచీ పది రోజుల మందులు ఉండగానే వెళ్తున్నా.

కేజీహెచ్ (విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి) కూడా ఉంది, అక్కడ ఓపీ చీటీ మీద డాక్టర్ రాసినవి ఫార్మసీలో ఫ్రీగానే ఇస్తారు, పొద్దున్నే వెళ్ళగలిగితే మంచిదే, నాన్న అంతసేపు నిలబడలేరు కాబట్టి మేం వెళ్ళడం లేదు.

మా బావ గాజువాక ఆటోనగర్‌లో చేస్తాడు, ఈఎస్ఐ (ఉద్యోగులకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంది, జీతంలో 0.75 శాతం కట్ అవుతుంది, యజమాని 3.25 కడతాడు, దాంట్లో ఓపీ మందులు కూడా వస్తాయి. వాళ్ళ నాన్నకి బీపీ, గుండె మందులు అక్కడే. జీతం 21 వేలు దాటని ఉద్యోగమైతే ఈఎస్ఐ ఉందో లేదో ముందు అడగండి, అమ్మానాన్నలు మీ మీద ఆధారపడి ఉంటే వాళ్ళ పేర్లు ఎక్కించొచ్చు.

ఇంకోటి, డెబ్భై దాటినవాళ్ళకి 2024 అక్టోబర్ నుంచి వచ్చిన ఆయుష్మాన్ కార్డు చేయించేశాం ఇక మందులకి బెంగ లేదు అనుకుంటున్నవాళ్ళు మా చుట్టుపక్కలే చాలామంది ఉన్నారు. అది అడ్మిట్ అయితేనే, డిశ్చార్జ్ అయ్యాక పదిహేను రోజుల మందుల వరకు, పదహారో రోజు నుంచి మళ్ళీ షాపుకి వెళ్ళాల్సిందే. కార్డు చేయించుకోండి, అవసరానికి ఉంటుంది, నెల మందుల డబ్బు మాత్రం పక్కన పెట్టుకోండి.