మళ్లీ పరుగు పరీక్షకు: ఇసుకా, రోడ్డా, గ్రౌండా?

మా మేనల్లుడు సైన్యంలో చేరడానికి అగ్నివీర్ ర్యాలీకి వెళ్లి 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 41 సెకన్లలో పరిగెత్తాడు. 5:30 లోపు వస్తే 60 మార్కులు, ఆ పైన 5:45 దాకా 48. చివరి జాబితాలో పేరు రాలేదు. మళ్లీ వెళ్తానన్నాడు. "మావయ్యా, ఆర్కే బీచ్ ఇసుకలో పరిగెడితే కాళ్లు ఉక్కులా అవుతాయట" అని మొదలెట్టాడు. విశాఖలో ఈ మాట చెప్పనివాడు లేడు.

అందులో కొంత నిజముంది. పొడి ఇసుకలో మడమ దిగబడుతుంది, పైకి లాక్కోవాలంటే పిక్కలు కష్టపడాలి. బలం వస్తుంది, వేగం మాత్రం రాదు. గట్టిగా ఉంది కదాని తడి ఇసుక మీదికి వెళ్తే అది సముద్రం వైపు వాలి ఉంటుంది. మావాడు కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెట్టి కోస్టల్ బ్యాటరీ వైపు అలల అంచునే పరిగెత్తి, రోడ్డు మీద నడుచుకుంటూ వచ్చేవాడు. అటు వెళ్తుంటే సముద్రం ఎడమవైపు, అంటే రోజూ ఎడమ కాలే పల్లంలో. నెల తిరక్కుండా మోకాలికి జండూబామ్.

బీచ్ రోడ్డు నయం. తెల్లవారుజామున బళ్లు ఆపేస్తారు, దారి చదును. సైనికాధికారుల్ని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీకి (ఎన్డీయే) వెళ్లే పిల్లలకు ఇది చాలు. 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో పరిగెత్తేలా తయారై రమ్మంటారు వాళ్లని, అంత హడావుడి లేదు. మనవాడి లెక్క వేరు.

అందుకే మట్టి గ్రౌండుకి తీసుకెళ్లాను. 400 మీటర్ల చుట్లు నాలుగు. 5:30కి రావాలంటే చుట్టుకి 82 సెకన్ల చిల్లర. మొదటిరోజు ఫోన్లో టైము చూస్తే 74, 83, 92, 90. రోగం అక్కడుంది! ర్యాలీలో పక్కవాళ్లు తోసుకుంటూ ఉరికితే వీడూ ఉరికాడు, మూడో చుట్టుకి ఊపిరి అయిపోయింది. ఈ సంగతి ఇసుక ఏనాటికీ చెప్పదు. నన్నడిగితే వారానికి నాలుగు రోజులు గ్రౌండు, ఒకరోజు పొడి ఇసుక, అదీ అరగంటే.

మూడు వారాలకి 82, 83, 84, 80. అంటే 5:29.

ఇక పుల్లప్స్. పదికి 40 మార్కులు, వీడు ఎనిమిది దగ్గరే వేలాడుతున్నాడు. దానికి మా పెరట్లో జామకొమ్మ ఉంది. మా అక్క మాత్రం కాయలు రాలిపోతున్నాయని రోజూ తిడుతోంది.