ఊడిన దవడ పన్ను చోట బ్రిడ్జి మేలా, ఇంప్లాంట్ మేలా?

గత సంక్రాంతికి హన్మకొండలోని మా ఇంట్లో అందరూ సకినాలు కటకటా నములుతుంటే, అమ్మ మాత్రం వాటిని చాయలో నానబెట్టుకొని తిన్నది. రెండేళ్ల కిందట కింది దవడలోని పెద్ద పన్ను ఒకటి పిప్పిపట్టి పీకించాక, ఆ చోటును ఖాళీగా వదిలేయడం మేము చేసిన పొరపాటు. వెనుక పన్ను ఆ సందులోకి ఒరిగింది, పైపన్ను కిందికి దిగసాగింది.

బ్రిడ్జి అంటే ఖాళీకి అటూఇటూ ఉన్న పళ్లను చుట్టూ అరగదీసి, వాటిపై క్యాపులు తొడిగి, ఆ రెండింటి నడుమ కృత్రిమ పన్నును నిలపడం. చిగురు కోయనక్కర్లేదు, సాధారణంగా రెండు మూడు వారాల్లో పని ముగుస్తుంది. అయితే ఒకసారి అరగదీసిన పంటి పింగాణీ పొర (ఎనామెల్) మళ్లీ రాదు. పైగా పోయింది ఒక్క పన్నే అయినా డబ్బు మూడు పళ్ల లెక్కన కట్టాలి గనుక, జిర్కోనియా అనే పంటి రంగు గట్టి పదార్థంతో చేసిన మంచి రకం బ్రిడ్జి మొదట అనుకున్నంత చవకగా తేలదు.

స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్య పరిశోధకుడు 1965లో తొలిసారి మనిషికి అమర్చిన టైటానియం ఇంప్లాంట్ దారి వేరు. కృత్రిమ పన్నుకు ఆధారంగా దవడలో బిగించే, స్క్రూ వంటి ఆ లోహపు వేరు ఎముకతో కలిసిపోవడానికి తరచూ మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పక్క పళ్ల జోలికి పోదు, ఆ చోట ఎముక అరుగుదలనూ తగ్గిస్తుంది. కానీ షుగర్ అదుపులో లేనివారికి, సిగరెట్ మాననివారికి అది విఫలమయ్యే ముప్పు ఎక్కువ. తీసి పెట్టుకునే పన్ను అన్నిటికన్నా చవక, నమలడానికి మాత్రం అంతంతే.

అమ్మకు వెనుక పన్ను అప్పటికే రూట్ కెనాల్ అయి క్యాపు కోసం ఎదురుచూస్తున్నది, ముందుదానిలో సగం సిమెంటే, షుగర్ కూడా ఎక్కువే. అందుకే బ్రిడ్జి వేయించాం, ఒరిగిన పన్నును కాస్త ఎక్కువగా అరగదీయాల్సి వచ్చినా సరే. అదే నష్టం నా తమ్ముడికి జరిగి ఉంటే, ఇరువైపులా గట్టి పళ్లున్న ఆ నోట్లో వాటిని అరగదీయనివ్వకుండా ఇంప్లాంట్ కోసం నెలల తరబడి ఆగమనేవాణ్ని.

బ్రిడ్జిలో పళ్లన్నీ ఒకటిగా అతికి ఉంటాయి కనుక పళ్ల సందులు తుడిచే దారం (ఫ్లాస్) పైనుంచి దిగదు. కింది సందులోంచి గట్టి కొన ఉన్న ప్రత్యేక దారాన్ని దూర్చి రోజూ తుడవాలి. మక్క గుడాలు తిన్న రాత్రి అమ్మ ఆ దారం లాగితే, దాని వెంట పసుపుపచ్చని పొట్టు బయటికి వస్తుంది.