అమ్మ కోసం ప్రయాగ, కాశీ, గయ

అమ్మ సంవత్సరీకాలు అయ్యాక తమ్ముడూ నేనూ మా అమ్మాయీ కలిసి ఈ మూడు ఊళ్లూ వెళ్లొచ్చాం. అస్థికలు చాలావరకు రాజమండ్రిలో గోదావరిలోనే కలిపాం, కొంచెం త్రివేణి సంగమం కోసమని ఉంచాం. కాశీ చూడాలని అమ్మకి ఎంతో కోరిక, కానీ ఆవిడ మోకాళ్లు బాగున్నప్పుడు మాకు సెలవులు లేవు, మాకు సెలవులు దొరికేసరికి ఆవిడ మెట్లు దిగే స్థితిలో లేదు.

సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ప్రయాగ్‌రాజ్ ఛివ్‌కీలో దిగాం, అక్కణ్ణుంచి సంగమానికి ఆటో. టెన్షన్ అంతా పడవ దగ్గరే. ఒడ్డున ఒక రేటు చెప్పి, నది మధ్యకి వెళ్లాక పూజసామాను వేరు, దక్షిణ వేరు అన్నారు. అమ్మ అస్థికలు ఒళ్లో పెట్టుకుని బేరమాడాల్సి రావడం చాలా బాధనిపించింది. పడవ, పంతులుగారు, సామాను అన్నీ కలిపి ఎంతో ఒడ్డునే తేల్చుకుని ఎక్కండి.

కాశీలో కేదార్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమంలో దిగాం. గదులు సాదాగా ఉంటాయి, హోటల్ సౌకర్యాలు ఆశించొద్దు. కానీ చుట్టూ తెలుగు మాట, మధ్యాహ్నం మన భోజనం, గంగ నాలుగడుగుల దూరం, ఇలాంటి పని మీద వెళ్లినవాళ్లకి అంతకంటే ఏం కావాలి? సందుల్లోకి ఆటో రాదు కాబట్టి సామాను తక్కువ తెచ్చుకోండి. 2021 డిసెంబర్‌లో కారిడార్ తెరిచాక గంగ ఒడ్డు నుంచే విశ్వనాథుడి గుడికి వెళ్లే వీలుంది. అంత విశాలమైన దారి చూసి, అమ్మని వీల్‌చైర్‌లో అయినా తీసుకురావాల్సింది అని తమ్ముడు అక్కడే ఏడ్చేశాడు.

ఇక గయ. ఊరు ఇరుకు, దుమ్ము, విష్ణుపాద ఆలయం చుట్టూ ఒకటే తోపులాట. అయినా మూడింట్లో నాకు మనసుకి దగ్గరైంది ఇదే. ఇప్పుడున్న గుడి 1787లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. ఫల్గుణీ నదిలో ఇదివరకు ఇసుక తోడితేగాని నీళ్లు కనిపించేవి కావట, 2022లో రబ్బరు డ్యామ్ వచ్చాక గుడి దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి. ఇక్కడ తల్లికి ప్రత్యేకంగా పదహారు పిండాలు పెడతారు, మాతృ షోడశి అంటారు. కడుపున మోసిన బరువుకి ఒకటి, పురిటినొప్పులకి ఒకటి, బిడ్డ కోసం మింగిన చేదు మందులకి ఒకటి, రాత్రంతా తడిసిన బట్టల్లోనే పడుకున్నందుకు ఒకటి... మా పంతులుగారు ప్రతి మంత్రానికీ ఆగి తెలుగులో అర్థం చెప్పారు. తడి బట్టల దగ్గరికి వచ్చేసరికి తమ్ముడి చేతిలో పిండం నిలవలేదు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, “అమ్మమ్మ నన్ను కూడా అలాగే పెంచింది కదమ్మా” అంది. నిజమే, నేను ఉద్యోగానికి వెళ్తే దాన్ని పెంచింది అమ్మే.

అందుకే పంతులుగారిని మాట్లాడుకునేటప్పుడు దక్షిణ ఒక్కటే కాదు, షోడశి పూర్తిగా చేయిస్తారా, అర్థం చెబుతారా అని అడగండి. పక్క వరసలో ఒకాయన మొత్తం గబగబా చదివేసి లేచిపోయాడు, పాపం ఆ కుటుంబానికి ఏం జరిగిందో కూడా తెలియలేదు. పితృపక్షంలో జనం విపరీతంగా ఉంటారు, పెద్దవాళ్లు వెంట ఉంటే వేరే నెల చూసుకోండి. ఫల్గుణి, విష్ణుపాదం, అక్షయవటం అనే మర్రిచెట్టు, ఈ మూడు చోట్లా పని అయ్యేసరికి సాయంత్రమవుతుంది, తిరుగు రైలు మర్నాటికి పెట్టుకోండి. మేమలాగే ఆ రాత్రికి ఉండిపోయాం, అమ్మ గురించి మాట్లాడుకుంటూ ముగ్గురం నిద్రే పోలేదు.