ఎడ్గార్ అలన్ పో కథలు చెప్పాలా, పో వేషమే కట్టాలా? ఒంటరి నటుడికి ఏది మేలు?

ఏకపాత్రాభినయం అనగానే మనకు మయసభలో దుర్యోధనుడు గుర్తొస్తాడు. డిగ్రీలో నేనూ వేశాను. గద పట్టుకుని గొంతు చించుకుంటుంటే మా మాస్టారు ఆపి, "ఎవరితో మాట్లాడుతున్నావురా నువ్వు?" అని అడిగారు. స్టేజీ మీద ఒక్కడే ఉన్నప్పుడు దీనికి జవాబు దొరక్కపోతే ఎంత అరిచినా దండగే. భయం పుట్టించే కథలు, కవితలు రాసిన అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో మీద వచ్చిన రెండు ఏకపాత్రల్ని నేను ఈ ప్రశ్నతోనే తూచాను.

మొదటిది 1970లో విన్సెంట్ ప్రైస్ అమెరికా టీవీ కోసం చేసిన గంటసేపటి కార్యక్రమం. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాట చివర వినిపించే ఆ గొంతు, ఆ నవ్వు ఆయనవే. ఇందులో పో కనిపించడు. పో రాసిన నాలుగు కథల్లో కథ చెప్పే మనుషులుగా ప్రైస్ మారిపోతాడు. కథకో వేషం, కథకో గది.

వాటిలో 'ది టెల్ టేల్ హార్ట్' ఒక్కటి చాలు. ముసలాయన కంటి మీది పొరను చూసి భరించలేక చంపినవాడు, "నాకు పిచ్చి అని ఎందుకంటారు?" అని మనల్నే నిలదీస్తాడు. మా మాస్టారి ప్రశ్నకు జవాబు కథలోనే ఉంది. వాడు మాట్లాడేది మనతోనే. ఏడు రాత్రులు వరసగా తలుపు తీసి చూస్తాడు. తల లోపలికి పెట్టడానికే గంట పడుతుంది. ఎనిమిదో రాత్రి లాంతరు మూత సందులోంచి సాలెపోగంత వెలుగు సరిగ్గా ఆ కంటి మీద పడుతుంది. అప్పుడు దూదిలో చుట్టిన గడియారం లాంటి చప్పుడు. ఇక్కడ స్పీకర్లలో గుండె చప్పుడు పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ చప్పుడు వాడికి మాత్రమే వినపడాలి. మనకు వాడి ముఖంలో కనపడాలి, అంతే.

అదే ప్రైస్ 'ది పిట్ అండ్ ది పెండ్యులమ్' దగ్గరికొచ్చేసరికి తేలిపోతాడు. స్పెయిన్‌లోని టొలెడో చెరసాలలో కట్టేసి ఉన్న ఖైదీ ఎవరికి చెప్పుకుంటున్నాడు? జవాబు లేదు. అందుకే అక్కడ ఖైదీ మీదికి దిగే కత్తి లోలకం, ట్రిక్కులు కావాల్సి వచ్చాయి. పురుగును చూసి రాక్షసి అనుకునే 'ది స్ఫింక్స్' సరదాగా ఉంటుంది, భయం లేదు.

రెండోది 2009లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన 'నెవర్‌మోర్'. డెన్నిస్ పావోలీ రాశాడు, స్టూవర్ట్ గోర్డన్ దర్శకత్వం, జెఫ్రీ కోంబ్స్ పో వేషం. పో తన కవితలు, కథలు చదవడానికి సభకొచ్చాడు. వింటున్నవాళ్లలో ఆయన పెళ్లాడాలనుకున్న కవయిత్రి సారా హెలెన్ విట్మన్ ఉంది. ఆయన తాగి ఉన్నాడు. ఇక ఎవరితో మాట్లాడుతున్నాడని అడిగే పనే లేదు. టికెట్ కొన్న మనమే ఆ సభ.

అసలు కథ కూడా అంతే నలిగింది. తాగనని మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయాడు. 1848 డిసెంబరులో ఆ పెళ్లి ఆగిపోయింది. అంతకు ముందు ఏడాది, 1847 జనవరిలో, భార్య వర్జీనియా క్షయతో పోయింది. పో కవిత 'ది రేవన్' 1845లోనే అచ్చయింది, అప్పటికి ఆమె బతికే ఉంది. కానీ 1848 నాటి పో నోట అదే కవిత వింటే అందులో చనిపోయిన ప్రియురాలు లెనోర్ పేరు మనకు వర్జీనియా అనే వినిపిస్తుంది. 18 చరణాల్లో చివరి 11 చరణాలూ 'నెవర్‌మోర్' (ఇంకెన్నడూ లేదు) అన్న మాటతోనే ముగుస్తాయి. ప్రతిసారీ ఒక తలుపు మూసుకున్నట్టుంటుంది. ఈ పని ప్రైస్ పద్ధతిలో కుదరదు, ఎందుకంటే అక్కడ చదివేవాడికి సొంత గాయం లేదు.

ఈ దారిలో పెద్ద గుంట తాగుడే. తూలుతూ నడిస్తే చప్పట్లు సులువుగా పడతాయి. పో చనిపోయిన వెంటనే గ్రిస్‌వోల్డ్ అనే ప్రత్యర్థి ఆయన పేరు చెడగొడుతూ రాసిన రాతలు చాలాకాలం జనం నమ్మారు. నటుడు మళ్లీ ఆ పాపం మోయకూడదు. పో తల్లిదండ్రులిద్దరూ స్టేజీ నటులు, తల్లి పోయేనాటికి ఆయనకు మూడేళ్లు కూడా నిండలేదు. అలాంటి మనిషి సభ ముందు నిలబడి పరువు కాపాడుకోవడానికి ఎంత తంటాలు పడతాడో చూపించాలి. తాగినవాడు తాగలేదన్నట్టు నిలబడటమే కష్టం, నటన అక్కడుంది.

నా ఓటు రెండోదానికే. గంటన్నర జనాన్ని కూర్చోబెట్టాలంటే పో వేషమే కట్టాలి. చేతిలో పదిహేను నిమిషాలే ఉన్న కుర్రాడైతే మాత్రం 'ది టెల్ టేల్ హార్ట్' పట్టుకోవాలి. ఒక కుర్చీ, ఒక లాంతరు చాలు. మొదటి వాక్యం ముందు వరసలో ఎవరో ఒకరి కళ్లలోకి చూసి అనాలి.